గాలి తిరిగింది

మా అక్క కాపురం ఉన్న ఊళ్ళో ఎండాకాలం మధ్యాహ్నాలు ఒక కేక కోసం ఎదురుచూసేవాళ్ళు. పొద్దెక్కినప్పటి నుంచి పడమటి గాలి కొలిమి ముందు నిలబెట్టినట్టు కొడుతుంది. మధ్యాహ్నం దాటాక అది ఉన్నట్టుండి ఆగిపోతుంది. కొబ్బరాకు కూడా కదలదు. అప్పుడు తూర్పు నుంచి, సముద్రం వైపు నుంచి, మెడ మీద తడిగుడ్డ వేసినట్టు ఒక గాలి తగులుతుంది. ముందుగా ఎవరికి తగిలితే వాళ్ళు అరుస్తారు: “గాలి తిరిగింది!” ఆ కేక వీధి ఈ కొస నుంచి ఆ కొసకు పోయేది. తలుపులు తెరుచుకునేవి. మంచాలు బయటికి వచ్చేవి. పసిబిడ్డల్ని ఎత్తుకొచ్చి వాకిళ్ళలో పడుకోబెట్టేవాళ్ళు. ఏదో మాటపట్టింపు వచ్చి పలకరించుకోని తోడికోడళ్ళు ఆ గాలి కోసం ఒకే అరుగు మీద, చెరో కొసన కూర్చోవడం నేను చూశాను.

బావ ఇల్లు కట్టింది ఆ గాలిని నమ్ముకునే. తూర్పు గోడకు ఆయన పెట్టించిన కిటికీ తలుపంత ఉంటుంది. మేస్త్రీ వద్దన్నాడు.

“తుఫాను వస్తే వానంతా ఇంట్లోనే ఉంటాది అన్నా.”

“తుఫాను ఎప్పుడో ఒకతూరి వస్తాది. గాలి దినామూ వస్తాది. నువ్వు పెట్టు.”

అక్క మంచం ఎప్పుడూ ఆ కిటికీ కిందే. జ్వరం వచ్చినా, కాన్పు అయినా, కోపం వచ్చినా ఆమె అక్కడే పడుకునేది.

నేను నెల్లూరులో ఒక దినపత్రికలో పనిచేసి రిటైరయ్యాను. సెలవు దొరికిన ఆదివారం స్కూటరు మీద అక్క ఇంటికి పోవడం నాకు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అలవాటు. ఆ రోజుల్లో దుమ్ము లేదని చెప్పను. మట్టిరోడ్డు మీద ఒక్క బస్సు పోతే దాని వెనక కాసేపు ఏమీ కనబడేది కాదు. వడ్లు తూర్పారబట్టే రోజుల్లో కళ్ళు, ముక్కులు, చెవులు అన్నీ పొట్టే. అక్క వంటింట్లో కంపకట్టెల పొగ కప్పు దాకా నిలబడేది, ఆమె ముఖం ఎర్రగా చేసుకుని గొట్టంతో ఊదుతూ ఉండేది. కానీ అదంతా మాకు తెలిసిన దుమ్ము, తెలిసిన పొగ. ఎవరు రేపారో, ఎప్పుడు ఆగుతుందో తెలుసు. సాయంత్రం నీళ్ళు పోసుకుంటే పోయింది అనుకునేవాళ్ళం. వంటింటి పొగ పోలేదని, లోపలే ఉండిపోయిందని చాలా ఏళ్ళ తర్వాత ఎక్స్‌రే చూసిన డాక్టరు చెప్పాడు.

తర్వాత ఊరికి తూర్పున పోర్టు వచ్చింది, బొగ్గు దిగింది. బొగ్గు దిగింది కాబట్టి థర్మల్ స్టేషన్లు వచ్చాయి. మొదట్లో ఒక స్టేషన్ కోసం పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణకు నేను వార్త రాయడానికి పోయాను. షామియానా, కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు. లేచిన రైతులంతా భూముల గురించి, కాలవ నీళ్ళ గురించి, ఉద్యోగాల గురించి అడిగారు. గాలి గురించి అడిగింది మా బావ ఒక్కడే. అదీ చదువుకుని అడగలేదు. ఆయనకు ఆ కిటికీ గుర్తొచ్చింది.

“పొగ ఎటు పోతాది సార్?”

వేదిక మీద ఒక పెద్దమనిషి నవ్వుతూ చెప్పాడు. “చిమ్నీ చాలా ఎత్తు పెద్దాయనా. మీ ఊరి మీద పడదు. దాటిపోతుంది.”

“దాటి యాడికి పోతాది?”

అందరూ నవ్వారు. వెనక ఎవరో “చిల్లకూరికి పోతాదిలే, ఆడ మీ వియ్యంకులు ఉండారు గదా” అన్నారు. ఇంకా నవ్వారు. బావ కూడా నవ్వి కూర్చున్నాడు. మరుసటి రోజు పేపర్లో నేను రాసినదాంట్లో భూములు, నీళ్ళు, ఉద్యోగాలు వచ్చాయి. బావ ప్రశ్నను డెస్కువాళ్ళు స్థలం లేక తీసేశారు.

మార్పు ఒక్క రోజున రాలేదు. వచ్చి ఉంటే ఎవరైనా రోడ్డు మీద కూర్చునేవాళ్ళు. ముందు అక్క ఆరేసిన తెల్లగుడ్డల మీద కనబడింది. కిటికీ చెక్క మీద వేలు పెడితే నల్లగా అంటుకునేది. బావ తెల్ల పంచె కట్టుకుని సాయంత్రం అరుగు మీద కూర్చుని లేస్తే వెనక ముద్ర పడేది. “ఈ వయసులో మీ బావకు కాటుక పెడతాండార్రా ఎవురో,” అని అక్క నవ్వేది. ఆ నవ్వు చివర్లో చిన్న దగ్గు ఉండేది. ఎవరం పట్టించుకోలేదు. సముద్రపు గాలి ఒంటికి మంచిదని ఆ తీరంలో పుట్టినవాళ్ళందరికీ నమ్మకం. దగ్గు వస్తే ఆ కిటికీ ఇంకాస్త బార్లా తీసేవాళ్ళం. అక్కను ఇంకా దగ్గరికి జరిపేవాళ్ళం. పోర్టు కూడా సముద్రం వైపే ఉందని, గాలి తిరిగిందంటే బొగ్గు గుట్టల మీద నుంచే వస్తుందని మాకు తెలియక కాదు. సముద్రపు గాలీ, బొగ్గు గాలీ ఒకటేనని తట్టలేదు.

ఆఫీసులో కూడా ఇది వార్తగా నిలబడడం కష్టంగా ఉండేది. గాలిలో సన్నటి నలుసులను ఇంగ్లీషులో పొడి అక్షరాల్లో పీఎం అంటారు. ఒకసారి ‘తీరంలో పెరుగుతున్న పీఎం’ అని శీర్షిక పెట్టి పంపితే డెస్కు నుంచి కొత్తగా చేరిన సబ్ ఎడిటర్ ఫోన్ చేశాడు.

“సార్, పీఎం ఎప్పుడు వస్తున్నారు? హెలిప్యాడ్ ఎక్కడ?”

“వచ్చేశారయ్యా. నీ టేబుల్ తుడిచి చూడు.”

ఆ వార్త లోపలి పేజీలో, చీరల ప్రకటన కింద వచ్చింది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ అలాంటిది ఒకటి రాసేవాణ్ణి. అడగడానికి పోతే పోర్టు వాళ్ళు థర్మల్ బూడిద వైపు చెయ్యి చూపించేవాళ్ళు. థర్మల్ వాళ్ళు హైవే లారీల సంగతి చూడమనేవాళ్ళు. లారీ ఓనర్లు రైసుమిల్లుల పేరు చెప్పేవాళ్ళు. మిల్లువాళ్ళు రైతులు గడ్డి తగలబెట్టడం ఆపమనేవాళ్ళు. అందరూ చెప్పింది నిజమే కావడం వల్ల ఎవరి మీదా రాయడానికి కుదిరేది కాదు. ఒక కూడలిలో గాలి ఎలా ఉందో చూపించే బోర్డు పెట్టారు. దాని మీద అంకెలు కొన్నాళ్ళు వెలిగాయి. తర్వాత దాని స్తంభానికి ఒక కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ కట్టారు.

అక్క దగ్గు రాత్రిళ్ళు కూర్చోబెట్టే దాకా వచ్చాక నెల్లూరులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. నేను, బావ, అక్క.

“కట్టెల పొయ్యి మీద వండేవారామ్మా?”

“వండకుండా మీరు తినే అన్నం యాడనుంచి వస్తాది నాయనా?”

“ఇంట్లో బీడీలు?”

అక్క బావ వైపు చూసింది. “తాగతాడు. వాకిట్లో. నా ముందు తాగితే ఊరుకోను.” బావ కిందికి చూశాడు.

“ఏ ఊరు మీది?”

చెప్పాం. రాస్తున్న డాక్టరు పెన్ను ఆపాడు. కొంచెంసేపు ఎక్స్‌రే వైపే చూసి, “మందులు రాస్తాను. గాలి మార్పు ఉంటే మాత్రం మంచిది,” అన్నాడు.

అక్క నవ్వింది. ఆయాసంలో నవ్వడం వల్ల మాట తెగి తెగి వచ్చింది. “గాలి మారబట్టే గదా డాక్టరుగారూ, మీ దగ్గిరికి వచ్చింది.”

ఆయన నవ్వలేదు. ఇంకో వేసవి అదే చోట గడిపితే ఆక్సిజన్ మిషను తప్పదని నాతో, బావతో బయట విడిగా చెప్పాడు. ఎక్కడికైనా మార్చండి అన్నాడు. ఎక్కడికి అన్నది ఆయన చెప్పలేదు.

ఆ సాయంత్రం అక్క ఇంట్లో అదే మాట నడిచింది. మా మేనల్లుడు కూడా వచ్చాడు. వాడు బూడిద తోలే టిప్పర్ నడుపుతాడు. థర్మల్ స్టేషన్ నుంచి సిమెంటు ఇటుకల బట్టీలకు. పట్టా కప్పి తాళ్ళు బిగించినా గుంత వచ్చినప్పుడల్లా కొంత లేచి రోడ్డున పడుతుంది. ఇంటికి వచ్చినవాడు బయట కుళాయి దగ్గర తల తడిపి, బట్టలు మార్చుకుని గానీ తల్లి దగ్గరికి రాడు.

“చిల్లకూరులో మీ అత్తగారింట్లో పెడదామా?” అన్నాను.

“చిల్లకూరా మామా? ఇల్లు హైవేకి ఆనుకోని ఉండాది. మా బండ్లన్నీ ఆగి టీ తాగేది ఆడే. అమ్మను తీసకపోయి టీ కొట్టు ముందర పెట్టినట్టు ఉంటాది.”

బావకు కోపం వచ్చింది. “బండ్లంట! నీ బండే గదరా ముందు. తెచ్చి తెచ్చి మీ అమ్మ ముక్కులోనే పోస్తుండావు.”

“నేను దిగితే ఇంకోడు ఎక్కతాడు నాయనా. బూడిద ఆగతాదా? నువ్వు కోత మిషను పెట్టించి చేలో వరి మోళ్ళు కాల్చలా?”

“ఒక మధ్యాహ్నం కాల్చినా.”

“అందరిదీ ఒక మధ్యాహ్నమే.”

అక్క మంచం మీద నుంచి చెయ్యి ఎత్తింది. “మీ ఇద్దరూ అరిస్తే ఉన్న గాలి కూడా అయిపోతాది. ఆపండి.”

చివరికి కోవూరు అనుకున్నాం. పెన్నకు అవతల, సముద్రానికి దూరం, చుట్టూ వరి. నాకు తెలిసిన పరుపులు కుట్టే ఒక భాయి మేడ మీద పోర్షన్ ఖాళీగా ఉంది. ఆయన కింద దూది ఏకే మిషను ముందు ముక్కుకు తువ్వాలు కట్టుకుని కూర్చునేవాడు. మమ్మల్ని చూసి తువ్వాలు కిందికి లాగాడు.

“ఇల్లు చూడండన్నా. దూది మాత్రం మేడ మీదికి రాదు, నాది పూచీ. ఆ మెట్ల దగ్గర తలుపు పెట్టించినా. మా ఇంటామె కూడా దగ్గే మనిషే.”

“ఆమె ఇప్పుడెలా ఉంది?”

“పోయిందన్నా. ఆ తలుపు తర్వాతనే పెట్టించినా.”

వానాకాలం మొదట్లో అక్కను అక్కడికి చేర్చాం. ఆ నెలల్ని తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఆ మేడ మీది తడి వాసన వస్తుంది. వాన పడి పడి గాలి కడిగినట్టు ఉండేది. అక్క మెట్లు ఆగకుండా ఎక్కింది. “ఊపిరి అడుగుదాకా పోతా ఉండాదిరా,” అని బొడ్డు మీద చెయ్యి పెట్టి చూపించింది. ఒక రోజు శ్రీహరికోటలో రాకెట్ వదిలితే మేడ మీద నిలబడి చూశాం. తెల్లటి గీత ఆకాశంలో చాలాసేపు నిలబడి వంకర్లు తిరిగింది.

“అంత దూరం పోయేది, పోతా పోతా ఈడి పొగ కూడా ఎత్తకపోగూడదా?” అంది అక్క.

భాయి కింద నుంచి “ఆడ పోసేదానికి చోటు చూస్తుండారేమో అక్కా!” అన్నాడు. అక్క నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వు చివర దగ్గు లేదని నేను, బావ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

బావ రోజు మార్చి రోజు ఊరికి పోయి చేను చూసుకుని వచ్చేవాడు. నాట్లు పడ్డాయి, పచ్చబడింది, కంకి వచ్చింది. మేడ చుట్టూ ఎటు చూసినా వరి పండుతుంటే మాకు సంతోషమే వేసింది. సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాళ్ళం. పండిన చేనును చూసి భయపడాలని మాకెలా తెలుస్తుంది?

కోతలు మొదలయ్యాయి. మిషన్లు దిగాయి. మిషను ముందు కంకి కోసుకుని పోతుంది, కింద మోకాటి ఎత్తున మోళ్ళు మిగులుతాయి. వెనకటిలా చేత్తో కోస్తే గడ్డి వామి వేసి పశువులకు పెట్టేవాళ్ళు. ఇప్పుడు పశువులూ తక్కువ, మిషను తొక్కిన గడ్డి వాటికీ పనికిరాదు. తర్వాతి పైరుకు చేను తొందరగా ఖాళీ కావాలి. అగ్గిపెట్టె ఒక్కటే దారి. అదే వారంలో రైసుమిల్లులు కూడా రాత్రింబవళ్ళు ఆడసాగాయి. బాయిలర్లలో ఊక మండి, గొట్టాల నుంచి నల్లటి రేకులు లేచి మేడ మీద ఆరేసిన దుప్పటి మీద పడేవి. అవి కంటికి కనబడేవి కాబట్టి అక్క చీపురుతో ఊడ్చేసేది. కనబడనివి ఆమె ఊడ్వలేకపోయింది.

ఆ మధ్యాహ్నం నేను, బావ అక్కడే ఉన్నాం. ఇంటికి పడమరగా ఉన్న చేలో అంటించారు. మంట పెద్దది కూడా కాదు. పొగ నేలబారుగా వచ్చి మేడ ఎత్తుకు లేచింది. నేను కిటికీలు మూసేలోపు గది నిండింది. అక్క మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. భుజాలు మెడ దాకా లేస్తున్నాయి, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. భాయి తడిపిన నూలు గుడ్డ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

“అన్నా, కిందికి దించుదాం. కింద పొగ తక్కువ. అక్కా, నా భుజం పట్టుకో. మాట్లాడొద్దు.”

దూది మిషను ఆపి, ఆ పరుపుల మధ్యే ఆమెను కూర్చోబెట్టాం. ఆటోలో ఎక్కించేటప్పుడు అక్క పెదవుల రంగు చూసి బావ తల తిప్పుకున్నాడు. పెన్న బ్రిడ్జి మీద ఇసుక లారీల వెనక ఆటో ఆగి ఆగి పోయింది. ఆ బ్రిడ్జి అంత పొడవుంటుందని నాకు అంతకు ముందు తెలియదు.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఆక్సిజన్ మిషను కూడా వెంట వచ్చింది. డాక్టరు ఈసారి గాలి మార్పు మాట ఎత్తలేదు. నేను ఉదయగిరి వైపు కొండల దగ్గర ఇల్లు చూస్తానన్నాను. అక్కడ క్వారీలు ఉన్నాయని మేనల్లుడు మెల్లగా అన్నాడు. అక్క మా ఇద్దరి మాటా విని, ట్యూబు సర్దుకుంది.

“ఇంక ఊరు తిప్పొద్దురా. నా ఇంటికి తీసకపోండి. ఆడైతే ఏ పూట ఏ గాలి వస్తాదో నాకు తెలుసు. తలుపు ఎప్పుడు వెయ్యాల్నో తెలుసు. కొత్తచోట అది కూడా తెలీదు.”

వేసవి మొదలవుతుండగా ఆమె తన ఇంటికి తిరిగి వచ్చింది.

అక్కడ ఒక సంగతి నేను మొదటిసారి గమనించాను. ఎన్నాళ్ళ నుంచి జరుగుతోందో తెలియదు. మధ్యాహ్నం పడమటి గాలి ఆగింది. ఆకు కదల్లేదు. కాసేపటికి వీధి కొస నుంచి కేక వచ్చింది, “గాలి తిరిగింది!” మాట అదే, అరిచిన తీరు కూడా అదే. కానీ వెంటనే వీధి పొడుగునా తలుపులు దబదబా మూసుకున్నాయి. ఎదురింటి ఆమె దండెం మీద గుడ్డలు గుంజుకుని లోపలికి పరుగెత్తింది. అరుగుల మీద ఒక్క మనిషి లేడు. ఎవరూ కూర్చుని ఇక నుంచి ఆ మాటకు అర్థం ఇది అని చెప్పుకున్నది లేదు. జనమే మార్చుకున్నారు.

తూర్పు కిటికీ రెక్కలు ఎంత బిగించినా సందుల్లోంచి నల్లటి పొడి దిగుతూనే ఉంది. బావ గోనెపట్టాలు కట్టాడు, ప్లాస్టిక్ కాగితం కొట్టాడు. చివరికి ఒక ఆదివారం పొద్దున, పడమటి గాలి ఉండగానే, రెక్కలు ఊడదీసి ఇటుకలతో మూసేయడం మొదలుపెట్టాడు. ఇటుకలు కొడుకు తెచ్చాడు. తను తోలే బూడిదతో చేసినవే, పగిలినవి ఏరి బట్టీ నుంచి తెచ్చాడు. మేస్త్రీని పిలవలేదు. బావ పేరుస్తుంటే మేనల్లుడు సిమెంటు కలిపి అందించాడు. గదిలో వెలుతురు కింది నుంచి పైకి తగ్గుతూ వచ్చింది. అక్క మంచం అవతలి గోడకు మార్చాం. అక్కడ కూర్చుని చూస్తూ ఉంది.

పై వరుస పడేటప్పుడు, “ఒక ఇటిక వదిలిపెట్టు,” అంది.

బావ తాపీ పట్టుకుని వెనక్కి తిరిగాడు. “ఇంత కష్టపడేది ఎందుకే మరి? ఆ సందు చాలదా బొగ్గుపొడికి?”

“గాలి తిరిగితే నాకు తెలియొద్దా?”

“కేక వేస్తారు గదా.”

“కేక నీకు. నా మంచానికి గాలే వచ్చి చెప్పేది.”

బావ పైన కాకుండా కింద, ఆమె కూర్చుంటే చెయ్యి అందే ఎత్తులో, పెట్టిన ఇటుక ఒకటి ఊడదీశాడు. ఆ బొరియలో పాత చీరముక్క చుట్టి కుక్కాడు. మంచం మళ్ళీ ఆ గోడ దగ్గరికి జరిపాడు.

పోయిన వారం నేను వెళ్ళినప్పుడు మిషను గురగురమంటోంది. అక్క ముక్కుకు ట్యూబుతో గోడకు ఆనుకుని కూర్చుంది. మనిషి సగమైంది. ఇప్పుడు ఒక వాక్యాన్ని రెండు మూడు ఊపిర్లకు పంచుకుంటుంది. బావ అరుగు మీద ఉన్నాడు, బీడీ లేదు. మానేశాడు. మేనల్లుడు డ్యూటీలో ఉన్నాడు.

వీధిలో ఇంకా కేక లేదు. అక్క చెయ్యి చాచి చీరముక్క లాగింది. ఆ బొరియకు అరచెయ్యి అడ్డంగా పెట్టి కళ్ళు మూసుకుంది. కొంతసేపటికి చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. కొంగు మీద నల్లటి గీత పడింది. చీరముక్క మళ్ళీ కుక్కి, లోపలికి ఎంత పోతే అంత నొక్కింది.

“తిరిగిందిరా,” అంది.

బావ అరుగు మీద నుంచి లోపలికి వచ్చి, తలుపు మూసి గడియ వేశాడు. వీధిలో కేక ఆ తర్వాత వినబడింది.